మూన తిరిగేదాకా

ఒకే మోకాలికి పదమూడు నెలల తేడాతో రెండుసార్లు లిగమెంటు ఆపరేషన్ చేయించుకున్నాను. మొదటిది 2022 జనవరిలో, రెండోది 2023 ఫిబ్రవరిలో, రెండూ కుడికాలికే. నేను కోనసీమలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని, హైస్కూలు రోజుల నుంచి కబడ్డీ ఆడినదాన్ని. రెండో ఆపరేషన్‌కు ముందు నిద్రపట్టని రాత్రుల్లో, ఇలాంటిది అనుభవించినవారు తెలుగులో ఏమైనా రాశారేమోనని వెతికాను. దొరికినవన్నీ మొదటి ఆపరేషన్ ముచ్చట్లే, అవి కూడా మూడో నెలలో ఉత్సాహంగా రాసి వదిలేసినవే. తెగిన లిగమెంటు స్థానంలో వేసిన గ్రాఫ్ట్ మళ్లీ తెగితే ఏం చేస్తారు, అదే కాలితో మళ్లీ మొదటి నుంచి ఎలా మొదలుపెట్టాలి అన్న ప్రశ్నలకు అక్కడ జవాబు దొరకలేదు. నాకు తెలిసినంతవరకు ఆ జవాబును ఇక్కడ రాస్తున్నాను.

మొదటిసారి తెగింది 2021 అక్టోబరులో, దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన వారంలో. బాలికల జట్టుకు రైడ్ చేసి చూపిస్తున్నాను. మూలన నిలబడిన అమ్మాయి నా చీలమండను చక్కగా పట్టింది. నేను మధ్యగీత వైపు ఒళ్లు తిప్పాను కానీ పాదం మాత్రం నేలకు అంటుకున్నట్టు ఉన్నచోటే ఉండిపోయింది. లోపల ఏదో టప్పుమని తెగిన చప్పుడు నా చెవికి వినిపించింది. పక్కనున్న పిల్లలు కూడా విన్నామన్నారు. గంట తిరిగేసరికి కీలు లేత బోండంలా నున్నగా వాచిపోయింది. అంత త్వరగా వాచిందంటే లోపల రక్తం చేరినట్టేనని తర్వాత తెలిసింది.

ఏసీఎల్ అని అందరూ అనే ఆ లిగమెంటు తొడ ఎముకనూ కాలి ఎముకనూ కీలు నడుమ ఏటవాలుగా కలిపి ఉంచే కట్టు. దాని పొడవు మూడు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. కాలి ఎముక ముందుకు జారిపోకుండానూ, ఒళ్లు తిప్పినప్పుడు కీలు మెలిపడకుండానూ ఆపేది అదే. చర్మం తెగితే రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మీదుగా గాయం పూడుతుంది. కీలు లోపల ఎప్పుడూ ఊరే ద్రవం ఆ గడ్డను నిలవనివ్వదు కాబట్టి, పూర్తిగా తెగిన ఏసీఎల్ చాలావరకు తనంతట తాను అతుక్కోదు. అందుకే మన ఒంట్లోనే మరో చోటి నుంచి తీసిన స్నాయువును, అంటే కండరాన్ని ఎముకకు కలిపే నారను, ఎముకల్లో రంధ్రాలు చేసి వాటిగుండా లాగి, స్క్రూలతో బిగిస్తారు. నాకు మొదటిసారి తొడ వెనుక నుంచి రెండు స్నాయువులు తీసి, మడిచి, తాడులా పేని వేశారు.

ఆ ఆపరేషన్ చేసిన ఆసుపత్రి పేరు రాయను. నాకు కావలసింది వారి మీద ఫిర్యాదు కాదు, ఏం జరిగిందో చెప్పడం మాత్రమే. ఇంటికి పంపేటప్పుడు ఒక కాగితం మీద ఆరు వ్యాయామాల బొమ్మలు ఇచ్చారు. వాటిలో ఏది అన్నిటికన్నా ముఖ్యమో ఎవరూ చెప్పలేదు. విశ్రాంతికి గోదావరి లంకలోని మా పుట్టింటికి వెళ్లాను. మా అమ్మ నన్ను నవారు మంచం మీద పడుకోబెట్టి, మోకాలి కింద మెత్తటి బూరుగుదూది దిండు పెట్టింది. కాలు కొద్దిగా వంగి దాని మీద వాలగానే నొప్పి సగం తగ్గినట్టు అనిపించేది. రాత్రి దిండు జారిపోతే అమ్మ నిద్రలోంచి లేచి వచ్చి సర్దేది. అలా అయిదు వారాలు గడిచాయి. తీరా నిలబడి చూసుకుంటే కుడి మోకాలు పూర్తిగా చాపుకోవడం లేదు. గోడకు ఆనుకుని నిలబడితే ఎడమ మోకాలి వెనుక అరచెయ్యి దూరేది కాదు, కుడి మోకాలి వెనుక సులువుగా దూరేది. కీలుకు సుఖంగా ఉండే ఆ కొద్దిపాటి వంపే అలవాటైపోతే, కాలు చాచే శక్తి పోతుంది, నడకలో కుంటు మిగులుతుంది, తొడ ముందు కండరం నిద్రపోతుంది. అమ్మ ప్రేమగా పెట్టిన దిండు నాకు అంత పని చేసిందని తెలిశాక కూడా ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను. రెండోసారి మాత్రం చెప్పవలసి వచ్చింది.

ఆరో నెల నిండగానే ఆసుపత్రికి వెళితే, డాక్టరు గారు కాలు అటూ ఇటూ కదిపి చూసి, ఇక మామూలుగా తిరగవచ్చు, ఆడుకోవచ్చు అన్నారు. తొడ చుట్టుకొలత కొలవలేదు, ఒంటికాలి మీద గెంతించి చూడలేదు. నేనూ అడగలేదు. నొప్పి లేదు కాబట్టి మానిందనే అనుకున్నాను. వ్యాయామ విద్య చదువుకున్నదాన్ని, నాకు తెలిసి ఉండవలసిన విషయమే. ఆ ఒక్క పొరపాటు నాదేనని ఇప్పటికీ అనుకుంటాను.

2022 జూలైలో గోదావరికి వచ్చిన వరద మా ప్రాంతంవారికి గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలన్నీ మునిగాయి. మా నాన్న మాత్రం 1986 వరదను చూసిన ధైర్యంతో చివరిదాకా కదలనన్నాడు. చివరికి నేనూ, మావారూ పడవలో వెళ్లి ఇద్దరినీ ఎక్కించుకుని వచ్చాం. పడవ ఏటిగట్టుకు ఆనగానే బియ్యం మూట భుజాన వేసుకుని ముందుగా నేను దిగాను. కుడికాలు ఒండ్రులో పిక్క దాకా దిగబడిపోయింది. అది పైకి వచ్చేలోపే, వెనుక అమ్మ తూలుతోందని చూసి ఆమె వైపు తిరిగాను. మళ్లీ అదే చప్పుడు. మూట గట్టు మీద పడేసి అలాగే బురదలో కూర్చుండిపోయాను. ఏమైందని మావారు అడిగితే, కాలు జారిందని మాత్రం చెప్పాను. ఏం జరిగిందో నాకు ఆ క్షణంలోనే తెలుసు, కానీ ఆ మాట నోటితో అనడానికి వారం రోజులు పట్టింది.

ఆ తర్వాత ఏడు నెలలు వృథా చేశాను. వాపు పదిహేను రోజుల్లో తగ్గింది. తిన్నటి రోడ్డు మీద నడవగలిగేదాన్ని, కానీ గట్టు మీద తిరిగినా, మెట్లు దిగినా, బస్సులో నిలబడినప్పుడు డ్రైవరు బ్రేకు వేసినా మోకాలు ఒక్కసారిగా పట్టుతప్పేది. పడిపోయే ముందు క్షణంలో కీలు లోపల రెండు ఎముకలు ఒకదాని మీద నుంచి ఇంకొకటి జారి మళ్లీ సర్దుకున్నట్టు ఉండే ఆ అనుభూతిని ఒక్కసారి ఎరిగినవారు మరిచిపోరు. అలా జారిన ప్రతిసారీ లోపల రెండు ఎముకల నడుమ మెత్తటి దిండులా ఉండే మెనిస్కస్ నలుగుతుంది. ఎముకల చివర్లను కప్పి ఉండే, మనవాళ్లు గుజ్జు అనే పొర కూడా దెబ్బతింటుంది. నేను ఆగస్టులోనే వెళ్లి ఉంటే మెనిస్కస్ దక్కేది. వెళ్లేసరికి అది కూడా చిరిగి ఉంది. ఈ పరిస్థితిలో ఉన్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి పట్టుతప్పే మోకాలితో నెలల తరబడి తిరగకండి.

రెండో అభిప్రాయం కోసం విశాఖపట్నం వెళ్లాం. అక్కడి సర్జన్ గారు బల్ల మీద నన్ను పడుకోబెట్టి, ముందు ఆరోగ్యంగా ఉన్న ఎడమకాలిని, తర్వాత కుడికాలిని పరీక్షించారు. మోకాలిని కొద్దిగా వంచి, ఒక చేత్తో తొడను పట్టుకుని, రెండో చేత్తో కాలి ఎముకను ముందుకు లాగే ఆ పరీక్షను లాక్‌మన్ పరీక్ష అంటారు. ఎడమకాలు లాగితే చివర గట్టిగా ఆగింది. కుడికాలు ఆగలేదు. ఎమ్మారైతో పాటు ఈసారి సీటీ స్కాన్ కూడా తీయించారు, ఎందుకంటే పాత రంధ్రాలు ఎక్కడ ఉన్నాయో, ఎంత వెడల్పయ్యాయో ఎముకను చూపే సీటీలోనే స్పష్టంగా తెలుస్తుంది.

కంప్యూటరు తెర మీద ఆయన చూపించినదాన్ని నాకు అర్థమైనట్టు చెబుతాను. మోకాలి లోపలి గూడును ఎదురుగా చూస్తూ దాన్ని గడియారం ముఖంలా ఊహించుకుంటే, కుడి మోకాలిలో ఏసీఎల్ తొడ ఎముకకు అంటుకునే చోటు సుమారు పది గంటల దగ్గర ఉంటుంది. నాకు మొదటిసారి చేసిన రంధ్రం పన్నెండుకు దగ్గరగా ఉంది. అలా నిటారుగా వేసిన తాడు కాలి ఎముక ముందుకు జారకుండా కొంతవరకు ఆపుతుంది కానీ, మెలికను ఆపలేదు. నేను ఒండ్రులో చేసింది మెలికే. కాలు దిగబడటం, ఆరు నెలలకే బరువు మోయడం, పూర్తిగా చాచలేని కీలు, నిద్రపోయిన తొడ కండరం, తప్పు చోట ఉన్న రంధ్రం, ఇవన్నీ కలిసి వచ్చాయని ఆయన అన్నారు. ఒక్క కారణం మీదే నెట్టవద్దని కూడా అన్నారు. ఆ నిజాయితీ వల్లే ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది.

పాత రంధ్రం అసలు స్థానానికి బాగా దూరంగా ఉండటం ఒక విధంగా నాకు కలిసొచ్చింది. అది కొత్త రంధ్రానికి అడ్డు రాదు కాబట్టి ఒకే విడతలో పని పూర్తి చేయవచ్చన్నారు. రంధ్రాలు బాగా వెడల్పయి, కొత్తదానితో కలిసిపోయే చోట ఉంటే, ముందు వాటిని ఎముక పొడితో పూడ్చి, నాలుగైదు నెలలు ఆగి, అప్పుడు రెండో విడత చేయవలసి వస్తుంది. కాలి ఎముక పైభాగం వెనక్కి ఎంత వాలుగా ఉందో కూడా కొలిచారు. ఆ వాలు 12 డిగ్రీలు దాటితే గ్రాఫ్ట్ మీద ఎప్పుడూ అదనపు లాగుడు ఉంటుందట. నాది తొమ్మిది. తొడ వెనుక స్నాయువులు అయిపోయాయి కాబట్టి ఈసారి మోకాలి చిప్ప కింది స్నాయువు నడుమ నుంచి పది మిల్లీమీటర్ల వెడల్పు పట్టీని, రెండు చివర్లా ఎముక ముక్కలతో సహా తీస్తామన్నారు. ఎముకకు ఎముక అతుక్కోవడం త్వరగా జరుగుతుంది కాబట్టి ఆ గ్రాఫ్ట్‌కు పట్టు ముందుగా వస్తుంది. దానికి చెల్లించవలసిన మూల్యం చిప్ప ముందు నొప్పి, మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు మంట. వీటికి తోడు మోకాలి వెలుపలి వైపు తొడ పట్టీ నుంచి ఒక పాయ తీసి మెలికకు అడ్డుకట్టగా బిగిస్తామన్నారు. 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఈ అదనపు పట్టీ వేసిన యువ రోగుల్లో గ్రాఫ్ట్ తెగినవారు 4 శాతమైతే, వేయనివారిలో 11 శాతం.

ఆపరేషన్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. వెన్నులో మత్తు ఇచ్చారు, నడుము కింద నుంచి నాది కానట్టు అయిపోయింది, రెండున్నర గంటలు పట్టింది. చిరిగిన మెనిస్కస్‌ను కోసి తీయకుండా కుట్టగలిగామని చెప్పినప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. కుట్టినందువల్ల ఆరు వారాలు తొంభై డిగ్రీలకు మించి వంచకూడదు, మోకాలికి బిగించిన బ్రేస్ తీయకూడదు, ఊతకర్రలు లేకుండా నడవకూడదు. మూడో రోజు కారు వెనుక సీట్లో కాలు చాపుకుని కోనసీమకు తిరిగి వచ్చాను.

ఈసారి పుట్టింటికి వెళ్లలేదు, అత్తవారింట్లోనే ఉన్నాను. నవారు మంచం మార్చి చెక్క మంచం వేయించుకున్నాను. అమ్మ చూడటానికి వచ్చి, అలవాటుగా దిండు అందుకుంది. అప్పుడు చెప్పాను, "అమ్మా, మోకాలి కింద వద్దే, మడమ కింద పెట్టు" అని. తువ్వాలు చుట్ట చుట్టి మడమ కింద పెడితే మోకాలు గాలిలో వేలాడుతూ తన బరువుకే నెమ్మదిగా చాపుకుంటుంది. పది నిమిషాలు గడిచేసరికి కళ్లలో నీళ్లు తిరిగేవి. అమ్మ ఆ పది నిమిషాలూ గది బయటికి వెళ్లిపోయేది. రోజుకు అయిదుసార్లు అలా చేశాను. రెండో వారం చివర గోడకు ఆనుకుని నిలబడితే కుడి మోకాలి వెనుక అరచెయ్యి దూరలేదు. మొత్తం రెండేళ్లలో నాకు అంత ధైర్యాన్నిచ్చిన రోజు ఇంకొకటి లేదు.

వాపుకు మంచు కావాలి. మా ఇంట్లో ఉన్న చిన్న ఫ్రిజ్‌లో ట్రేల మంచు ఒక్కసారికి కూడా చాలేది కాదు. మా ప్రాంతంలో రొయ్యల చెరువులు ఎక్కువ కాబట్టి ఐసు ఫ్యాక్టరీలకు కొరత లేదు. మా తమ్ముడు చెరువులో రొయ్యల పట్టుబడికి వెళ్లి వస్తూ గోనెసంచిలో దిమ్మ ముక్క తెచ్చి, ఊకలో పాతిపెట్టేవాడు. దాన్ని రోకలితో పగలగొట్టి, కవరులో వేసి, తడి తువ్వాలు చుట్టి కాలి మీద పెట్టుకుంటే ఇరవై నిమిషాలు హాయిగా ఉండేది. ఇరుగుపొరుగువారు వేడి కాపడం పెట్టమనీ, పిక్కకు నూనె పట్టించి గట్టిగా మర్దన చేయించుకోమనీ ఎంతో ఆప్యాయంగా చెప్పేవారు. వాచిన కీలుకు తొలిరోజుల్లో వేడి పెడితే వాపు పెరుగుతుంది. కదలకుండా ఉన్న కాలి పిక్కలో రక్తపు గడ్డ ఉంటే మర్దనతో అది ఊడి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. పెద్దవాళ్ల మనసు నొచ్చుకోకుండా ఆ మాట చెప్పడం నాకు వ్యాయామం కన్నా కష్టమైంది.

పథ్యం దగ్గర మాత్రం పెద్ద యుద్ధమే జరిగింది. పప్పు తింటే కుట్లు చీము పడతాయనీ, గుడ్డు, చేప ముట్టకూడదనీ అత్తయ్య నమ్మకం. వెల్లుల్లి కారంతో, బీరకాయ కూరతో రెండు పూటలా అన్నం పెట్టేది. మొదటి ఆపరేషన్ తర్వాత పుట్టింట్లోనూ ఇదే జరిగింది, నలభై రోజుల్లో తొడ ఎండుకర్రలా అయిపోయింది. కండ కట్టాలంటే మాంసకృత్తులు ఉండాలి. ఈసారి నా వ్యాయామాలు చూసే ఫిజియో గారి చేత అత్తయ్యకు ఫోన్ చేయించాను. ఆయన ఏం చెప్పారో గానీ, "ఆయ్, అలాగేనండి, ఆయ్" అంటూ అంతా విని, ఫోన్ పెట్టేసి, మర్నాడు మధ్యాహ్నం కొర్రమీను పులుసు వండింది. తినేటప్పుడు ఎదురుగా కూర్చుని కుట్ల వైపు అనుమానంగా చూస్తూనే ఉంది. కుట్లు శుభ్రంగా మానాక, వీధిలో ఎవరికి ఆపరేషన్ అయినా పప్పు తినమని చెప్పేది ఇప్పుడు ఆవిడే.

అసలు కష్టం మూడో నెలలో వచ్చింది. నొప్పి పోయింది, ఊతకర్రలు వదిలాను, అందరూ "బాగైపోయిందిగా" అంటున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే లోపల గ్రాఫ్ట్ బలహీనంగా ఉంటుందని ఫిజియో గారు చెప్పారు. ఒకచోటి నుంచి కోసి ఇంకోచోట పెట్టిన స్నాయువుకు రక్తప్రసరణ ఉండదు, దానిలోని కణాలు చనిపోతాయి. తర్వాత చుట్టూ ఉన్న పొర నుంచి సన్నటి రక్తనాళాలు దానిలోకి పాకుతాయి, కొత్త కణాలు చేరతాయి, పాత నారలు కరిగి కొత్త నారలు అల్లుకుంటాయి. ఆ కరగడం, అల్లుకోవడం జరిగే రెండు మూడు నెలల ప్రాంతంలో అది ఆపరేషన్ రోజు ఉన్నంత గట్టిగా కూడా ఉండదు. పూర్తిగా లిగమెంటులా మారడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. నేను ఈ సంగతి ఇంట్లో చెబుతుంటే, వరండాలో కూర్చున్న మామయ్య గారు విని, "ఊడ్చిన నారు కూడా అంతే కదమ్మా. నాలుగు రోజులు పచ్చగా కనపడి, తర్వాత పసుపు తిరుగుతుంది. కొత్త వేరు పట్టి మూన తిరిగేదాకా చేలో కాలు పెట్టనిస్తామా" అన్నారు. ఎన్ని పుస్తకాలు చదివినా నాకు అంత సూటిగా తలకెక్కలేదు. మొదటిసారి నేను చేసింది మూన తిరగని చేలోకి గేదెలను తోలడమే.

అక్కడి నుంచి నా లెక్కలన్నీ పుస్తకంలో రాసుకున్నాను. దర్జీ టేపుతో చిప్పకు పది సెంటీమీటర్ల పైన తొడ చుట్టుకొలత ఎడమది 47, కుడిది 43.5 సెంటీమీటర్లు. పాత సైకిలుకు స్టాండ్ వేసి వరండాలో తొక్కేదాన్ని, సీటు ఎత్తు వారానికి ఒక అంగుళం దించుకుంటూ. వారానికి రెండుసార్లు బస్సులో పి.గన్నవరం అక్విడక్టు దాటి ఫిజియో దగ్గరికి వెళ్లేదాన్ని. మిగతా రోజుల్లో తెల్లవారుజామున కాలువ పక్క సిమెంటు రోడ్డు మీద నడక. గట్టు మీద నడవడానికి అయిదో నెల దాకా అనుమతి రాలేదు. వేసవిలో కాలువ కట్టేసి అడుగున బురద ఎండి పగుళ్లు తేలినప్పుడు మొదలుపెట్టిన నడక, నీళ్లు వదిలి ఊడ్పులు మొదలయ్యేసరికి మెల్లని పరుగైంది.

కింద కూర్చోవడం, బాసింపట్టు వేయడం, గొంతుకూర్చోవడం మన ఇళ్లలో బతుకు నడవడానికి కావలసిన కనీసపు పనులు. విదేశీ పద్ధతిలో రాసిన వ్యాయామ పట్టికల్లో వీటి ప్రస్తావన ఉండదు. బంతిలో కూర్చుని భోంచేయడం, వ్రతానికి పీట మీద కూర్చోవడం నాకు ఎప్పటికి సాధ్యమని అడిగితే, ఫిజియో గారు వాటినే లక్ష్యాలుగా రాసిచ్చారు. బాసింపట్టు ఎనిమిదో నెలలో వచ్చింది. గొంతుకూర్చోవడం మాత్రం చాలాకాలం రాలేదు, చిప్ప కింద కత్తితో గీసినట్టు ఉండేది. 2024 భోగి నాడు తెల్లవారుజామున వాకిట్లో చిన్న ముగ్గు వేశాను. పదకొండు చుక్కల ముగ్గు, మధ్యలో రెండుసార్లు లేచి నిలబడ్డాను. కోత గీతకు వెలుపలి పక్కన చర్మం మీద అరచేతి వెడల్పున స్పర్శ లేదు, అక్కడ ముగ్గుపిండి పడినా తెలియలేదు. ఆ చిన్న నరం మళ్లీ పూర్తిగా మేలుకోకపోవచ్చునని ముందే చెప్పారు.

2016లో నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి వెలువరించిన ఒక అధ్యయనం గురించి ఫిజియో గారు నాకు తరచూ చెప్పేవారు. ఆటలోకి తిరిగి వెళ్లడాన్ని తొమ్మిదో నెల వరకు ఎన్ని నెలలు వాయిదా వేస్తే, ఒక్కో నెలకు మళ్లీ గాయపడే అవకాశం సగానికి, కచ్చితంగా చెప్పాలంటే 51 శాతం, తగ్గుతూ వచ్చిందట. నాది రెండోసారి కాబట్టి ఏడాది దాకా ఆగుదామన్నారు. తొమ్మిదో నెలలో బడి మైదానంలో సున్నంతో గీత గీసి ఒంటికాలి మీద గెంతాను. ఎడమకాలితో 142 సెంటీమీటర్లు, కుడికాలితో 118. ఎనభై మూడు శాతం. తొంభై దాటాలి. మళ్లీ మూడు నెలలు బరువులతో కూర్చుని లేచాను. 2024 ఫిబ్రవరిలో ఎడమది 143, కుడిది 135 వచ్చింది. టేపు పట్టుకున్న పదో తరగతి పిల్లలు చప్పట్లు కొట్టారు.

కాలు బాగైనా భయం వెంటనే పోలేదు. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ సెమీఫైనల్లో, సింధును రియోలో ఓడించిన ఆ కరోలినా మారిన్ రెండో గేములో ముందంజలో ఉండగా కుడి మోకాలు పట్టుకుని కూలబడింది. 2019లో సైనాతో ఆడిన ఫైనల్లో ఆమెకు తెగింది కూడా అదే మోకాలు, మధ్యలో 2021లో ఎడమది. వ్యాఖ్యాత ఏమీ చెప్పకముందే ఆమె ముఖం చూసి నాకు అర్థమైంది. టీవీ ముందు నుంచి లేచి వరండాలోకి వెళ్లి, నా కుడికాలి మీద నిలబడి చాలాసేపు ఉన్నాను.

నేను మళ్లీ మ్యాచ్‌లు ఆడలేదు. ఆడలేక కాదు, నాకు ఇప్పుడు పిల్లల మోకాళ్ల మీద ధ్యాస ఎక్కువైంది. గెంతి దిగేటప్పుడు ఆడపిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడం తేలిగ్గా కనిపిస్తుంది. ఈ లిగమెంటు మగపిల్లల కన్నా ఆడపిల్లల్లో ఎక్కువగా తెగడానికి అదొక కారణం. ఫుట్‌బాల్ క్రీడాకారుల కోసం ఫిఫా తయారు చేయించిన ఎలెవన్ ప్లస్ అనే ఇరవై నిమిషాల సన్నాహక వ్యాయామాన్ని మా కబడ్డీ, ఖోఖో జట్లకు సరిపడేలా మార్చి, ఆటకు ముందు తప్పనిసరిగా చేయిస్తున్నాను. దానిలో ముఖ్యమైనది దిగడం. బెంచీ మీద నుంచి దూకి, రెండు మోకాళ్లూ బొటనవేళ్లకు సూటిగా ఉండేలా, చప్పుడు రాకుండా నేల మీద దిగాలి. చప్పుడు వచ్చిందంటే బరువును కండరం కాక కీలు మోసిందన్నమాట.

మొన్న సోమవారం ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె నాలుగుసార్లు దూకింది. నాలుగుసార్లూ ధన్‌మని చప్పుడు. అయిదోసారి బెంచీ ఎక్కి, "మేడం, మీరు దగ్గరుండి చూడండి" అంది. నేను ఆమె మోకాళ్ల ఎత్తుకు గొంతుకూర్చుని, దూకమన్నాను.